లోకల్ ఎవరు? పెనుకొండ నుంచి లండన్ దాకా ఒకటే పంచాయితీ

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న మాట గురించి. ఆ మాట 'లోకల్'. ఉద్యోగ నోటిఫికేషన్ పడగానే మనం ముందు చూసేది అదే కదా, లోకల్‌కి ఎన్ని పోస్టులు, నాన్ లోకల్‌కి ఎన్ని అని. ఈ మాట వెనక చాలా చరిత్ర ఉంది. అందులో మన అనంతపురం వాళ్లది విచిత్రమైన పరిస్థితి. ఒకచోట మనం లోకల్, ఇంకోచోట మనమే బయటివాళ్లం.

ముందు ఆరువందల ఏళ్లు వెనక్కి పోదాం. విజయనగరాన్ని రెండవ దేవరాయలు ఏలుతున్న కాలం. బహమనీ సుల్తానుల చేతిలో మాటిమాటికీ దెబ్బ తగులుతోంది. ఎందుకిలా అని రాజు తన వాళ్లను అడిగితే, వాళ్ల గుర్రాలు మేలైనవి, వాళ్ల విలుకాళ్లు గట్టివాళ్లు అన్నారట. ఈ సంగతి ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. అప్పుడు దేవరాయలు ముస్లిం విలుకాళ్లను కొలువులోకి తీసుకున్నాడు, జాగీర్లు ఇచ్చాడు, వాళ్లకు మసీదు కట్టించాడు. అంతటితో ఆగలేదు. తన సైనికులకు కూడా ఆ విద్య నేర్పమన్నాడు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

రాజుకి ఓట్లతో పని లేదు. ఓట్లు వచ్చాక ఈ లెక్క ఎలా మారుతుందో చూడాలంటే బ్రిటన్ వెళ్లాలి.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అక్కడ పనిమనుషులు చాలలేదు. బస్సులకు, మిల్లులకు, ఆస్పత్రులకు జనం కావాలి. 1948లో వాళ్ల ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, మొదలైంది. డాక్టర్ల కోసం ఇండియా, పాకిస్తాన్ వైపు చూశారు. 1960 నుంచి 1963 దాకా అక్కడ ఆరోగ్య మంత్రి ఈనక్ పావెల్. ఆయన కాలంలో ఆస్పత్రులు మన దేశాల డాక్టర్ల మీద బాగా ఆధారపడ్డాయి. అదే పావెల్ 1968 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో వలసలకు వ్యతిరేకంగా నిప్పులు చెరిగే ప్రసంగం చేశాడు. పార్టీ నాయకుడు ఆయన్ని పదవిలోంచి తీసేశాడు. కానీ లండన్ రేవు కార్మికులు ఆయనకు మద్దతుగా ఊరేగింపు తీశారు. అంటే చూడండి, ఆస్పత్రికి డాక్టర్ కావాలి, వీధిలోకి మాత్రం ఆ మనిషి రాకూడదు.

ఇది పాత కథ అనుకోకండి. 2016లో బ్రెగ్జిట్‌కి 52 శాతం ఓటేశారు. వలసలు తగ్గించాలన్నది అందులో ఒక పెద్ద కారణం. తర్వాత వృద్ధుల్ని చూసుకునే కేర్ వర్కర్లు దొరకలేదు. 2022లో వాళ్లకు వీసాలు తెరిచారు. 2023 నాటికి దేశంలోకి వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలిన సంఖ్య ఏడాదికి 9 లక్షలు దాటింది. ఓటర్లకు కోపం వచ్చింది. 2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వీసాకి కావాల్సిన జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. అదే ఏడాది ప్రభుత్వం మారింది. 2025 జూలైలో కొత్త ప్రభుత్వం విదేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకునే దారే మూసేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. వలసలు తగ్గాలా అని మొత్తంగా అడిగితే చాలామంది తగ్గాలంటారు. నర్సులు, డాక్టర్లు తగ్గాలా అని అడిగితే వద్దంటారు. సర్వేల్లో ఏళ్లుగా కనిపిస్తున్నది ఇదే. జనం చెడ్డవాళ్లని కాదు. ఇల్లు దొరకదేమో, మన పిల్లలకు పని రాదేమో అన్న భయం నిజమైనదే. ఆ భయానికి జవాబు చెప్పకుండా నాయకులు గేటు తెరవడం, మూయడం మాత్రమే చేస్తున్నారు.

సరే, మనవైపు వద్దాం. మన దగ్గర ఇదే గొడవ 'ముల్కీ' పేరుతో నడిచింది. నిజాం కాలంలో 1919 ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ, అంటే అక్కడివాడు, అయ్యుండాలి. లేదా 15 ఏళ్లు అక్కడ ఉండాలి. 1948లో సంస్థానం ఇండియాలో కలిశాక పాలన ఉర్దూలోంచి ఇంగ్లీషుకి మారింది. ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు కావాలని మద్రాసు రాష్ట్రం వాళ్లను తెచ్చారు. అప్పట్లో మన అనంతపురం కూడా మద్రాసు రాష్ట్రంలోదే. చదువుకున్న స్థానిక కుర్రాళ్లకు కడుపు మండింది. 1952లో 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని రోడ్డెక్కారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ మంట 1969లో, 1972లో మళ్లీ లేచింది. చివరికి 1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో జోన్లు వచ్చాయి. రాయలసీమ నాలుగో జోన్ అయింది. మీరు నోటిఫికేషన్‌లో చూసే లోకల్ లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజధాని అక్కడికే మారింది. అదే పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. వానలు సరిగా పడక, శనక్కాయ పంట పోయి, బెంగళూరు బస్సెక్కే జిల్లాకి ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ! కొరియా ఇంజినీర్లు దిగారు, హైవే పక్కన కొరియన్ బోర్డులు వెలిశాయి. మనవాళ్లు అడిగింది ఒక్కటే: భూములు మావి, ఉద్యోగాలు ఎవరివి?

2019 జూలైలో రాష్ట్ర అసెంబ్లీ ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. అందరూ 75 అంకెనే పట్టుకున్నారు. చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: నైపుణ్యం ఉన్న స్థానికులు దొరక్కపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకు శిక్షణ ఇవ్వాలి. దేవరాయలు చేసిన పని అదే కదా! నా దృష్టిలో ఆ చట్టంలో ప్రాణం ఉన్నది ఆ వాక్యంలోనే.

ఇక నాణేనికి రెండో వైపు. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లుకి ఓకే చెప్పింది. ప్రైవేటు కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే. స్థానికుడంటే అక్కడ పుట్టి, 15 ఏళ్లు అక్కడ ఉండి, కన్నడ వచ్చినవాడు. చూశారా, ఆ 15 ఏళ్ల లెక్క మళ్లీ వచ్చింది. ఐటీ కంపెనీలు గోల చేయడంతో రెండు మూడు రోజుల్లోనే బిల్లుని పక్కన పెట్టారు. ఆ వెంటనే మన ఐటీ మంత్రి నారా లోకేశ్ ఆ కంపెనీలను విశాఖకు రమ్మని పిలిచారు. 75 శాతం చట్టం చేసిన రాష్ట్రం నుంచే ఆ పిలుపు!

ఆ బిల్లు పాసై ఉంటే? హిందూపురం, మడకశిర, కదిరి నుంచి బెంగళూరు వెళ్లి బతుకుతున్న మనవాళ్ల సంగతేంటి? పెనుకొండలో 'మాకే' అన్న నోటితోనే బెంగళూరులో 'మాకూ' అనాల్సి వచ్చేది.

అందుకే నేను చెప్పేది, కోటా వద్దనో, గేట్లు బార్లా తెరవమనో కాదు. ఈసారి ఏ నాయకుడైనా 'ఉద్యోగాలన్నీ లోకల్‌కే' అంటే చప్పట్లు కొట్టే ముందు ఒక ప్రశ్న అడగండి. ఆ పని నేర్పే ఐటీఐలో మిషన్లు ఉన్నాయా, నేర్పే మాస్టర్ ఉన్నాడా? బ్రిటన్ ఇన్నేళ్లుగా దాటేస్తున్న ప్రశ్న అదే. మనం దాటేస్తే నష్టపోయేది మనమే, ఇంట్లో ఉన్నా, వలస పోయినా.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.