కీళ్లవాతానికి బయోలాజిక్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నారా? ముందు టీబీ టెస్ట్ తప్పనిసరి.. ఎందుకంటే?

రుమటాయిడ్ ఆర్థరైటిస్.. మనవాళ్లు కీళ్లవాతం అని పిలిచే జబ్బు. పొద్దున్నే లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి, కీళ్లు వాచిపోతాయి. కొత్త మందులు వచ్చాక చాలామంది మళ్లీ తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారు. అయితే వీటిలో కొన్నింటితో ఒక రిస్క్ ఉంది. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఇవి మేల్కొలపొచ్చు.

కీళ్ల మందుకీ టీబీకీ సంబంధం ఏంటి?

ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే మన కీళ్లపై దాడి చేస్తుంది. ఆ వాపును పెంచే వాటిలో టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ముఖ్యమైనది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ లాంటి ఇంజెక్షన్లు దాన్నే అడ్డుకుంటాయి. చిక్కల్లా ఏంటంటే.. ఒంట్లోకి చేరిన టీబీ క్రిముల చుట్టూ రక్షణ కణాలు ఒక గోడ కడతాయి. ఆ గోడ నిలబడాలంటే ఇదే టీఎన్‌ఎఫ్ కావాలి. మందు దాన్ని ఆపేస్తే గోడ బలహీనపడి క్రిములు బయటకు వస్తాయి.

ఇది 2001లోనే బయటపడింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 70 మందికి టీబీ వచ్చినట్లు అప్పుడు ఒక అధ్యయనం వెల్లడించింది. వారిలో 48 మందికి మూడు డోసులు, అంతకంటే తక్కువకే జబ్బు బయటపడింది.

మనకెందుకు ఎక్కువ జాగ్రత్త?

ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2019-21 జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో టీబీ ఇన్‌ఫెక్షన్ ఉంది. వీళ్లందరికీ జబ్బు ఉన్నట్లు కాదు. క్రిమి నిద్రాణంగా ఉంటుంది, లక్షణాలు ఉండవు, ఇతరులకు అంటదు.

ఏ మందుతో ఎంత రిస్క్?

* ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్: ఎక్కువ. ఎటనర్సెప్ట్‌తో వీటికన్నా తక్కువ.
* టోఫాసిటినిబ్ లాంటి మాత్రలు: వీటికీ ముందు టీబీ టెస్ట్ అవసరం.
* స్టెరాయిడ్లు: ప్రెడ్నిసొలోన్ రోజుకు 15 మిల్లీగ్రాములు, ఆపైన నెలకు మించి వాడితే రిస్క్ పెరుగుతుంది.
* హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్: వీటితో పెద్దగా భయం లేదు.

కీళ్ల నొప్పులకు పేరు లేని పొడులు, మాత్రలు కొని వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఏ టెస్టులు చేస్తారు?

ఛాతీ ఎక్స్‌రేతో పాటు మాంటూ చర్మ పరీక్ష లేదా ఇగ్రా రక్త పరీక్ష చేస్తారు. మాంటూ వేయించుకుంటే 48 నుంచి 72 గంటల్లో మళ్లీ వెళ్లి చూపించుకోవాలి. ఇమ్యూనిటీ తగ్గించే మందులు అప్పటికే వాడుతుంటే, ఇన్‌ఫెక్షన్ ఉన్నా నెగెటివ్ రావచ్చు. అందుకే ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే టెస్ట్ చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా గతంలో టీబీ వచ్చి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

పాజిటివ్ వస్తే ఇక ఇంజెక్షన్ లేనట్టేనా?

కాదు. ముందు జబ్బు లేదని నిర్ధారించుకుని, నివారణ మందులు ఇస్తారు. ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 వారాలు. సాధారణంగా కనీసం నెల రోజులు ఇవి వాడాక బయోలాజిక్ మొదలుపెడతారు. మధ్యలో లివర్ టెస్టులు కూడా అవసరం కావచ్చు. ఒకవేళ టీబీ జబ్బే ఉంటే ముందు దానికి చికిత్స.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం, మెడ దగ్గర గడ్డలు. ఈ మందులు వాడేవాళ్లలో టీబీ ఊపిరితిత్తులు కాకుండా వేరే చోట కూడా ఎక్కువగా వస్తుంది. కాబట్టి దగ్గు లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో నెగెటివ్ వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఎందుకంటే తర్వాత కూడా క్రిమి సోకవచ్చు.

భయపడి మందులు మీ అంతట మీరే ఆపేయకండి. స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. ముందుగా మీ రుమటాలజిస్ట్‌తో మాట్లాడండి. టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. సందేహాలుంటే జాతీయ టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు.