మార్లవాయి నుంచి మన ఒకటో తరగతి దాకా

ఒకటో తరగతిలో ఏం నేర్పుతారని అడిగితే అక్షరాలు, గుణింతాలు, అంకెలు, చిన్న కూడికలు అని చెప్తాం. రెండో తరగతికి ఒత్తులు వస్తాయి. కానీ వీటన్నిటికన్నా ముందు, బడికొచ్చిన మొదటి వారంలోనే, తన ఇంటి మాట ఇక్కడ చెల్లుతుందో లేదో బిడ్డ నేర్చేసుకుంటుంది.

డోంగ్లి వైపు ఉండేవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. మద్నూర్ నుంచి విడిపోయి కొత్తగా మండలమైన ఈ ఊరు మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర. ఇక్కడ మరాఠీ, కన్నడం, తెలుగు మూడూ చెవినపడతాయి. బాన్సువాడ డివిజన్ తండాల్లోనేమో ఇంటి మాట గోర్‌బోలి. వాచకంలో 'అ' దగ్గర అమ్మ బొమ్మ చూపిస్తే తండా బిడ్డ 'యాడి' అంటుంది. 'ఇ' దగ్గర ఇల్లు చూపిస్తే 'ఘర్' అంటుంది. బిడ్డ చెప్పింది సరైనదే. ఆ బొమ్మతో ఆ అక్షరం మాత్రం రాదు.

ఈ చిక్కుకు ఎనభై ఏళ్ల కిందటే ఒక దారి వెతికారు. అది కూడా మనలాగే నిజాం ఏలుబడిలో ఉన్న, మరాఠీ నేలను ఆనుకున్న ఆదిలాబాద్ అడవుల్లో. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికి సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. భూమి పట్టాలతో పాటు చదువూ కావాలని ఆయన పట్టుబట్టడంతో 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది.

అక్కడ పంతుళ్లుగా తయారైంది గోండు యువకులే. వాచకాలు గోండిలో రాశారు. లిపి దేవనాగరి, ఎందుకంటే ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉంది. (గుంజాల ఊళ్లో గోండికి సొంత లిపి రాతప్రతులు ఉన్నాయని 2006 ప్రాంతంలో గాని బయటి పండితులకు తెలియలేదు.) బిడ్డ ముందు తన మాటను చదవడం నేర్చుకుంటుంది, తర్వాత మరాఠీకి, ఉర్దూకి వెళ్తుంది. ఆ వరుసే అసలు విషయమని మేము అనుకుంటాం. ఉండి, రండ్, ముండ్, నాలుంగ్ అని లెక్కపెట్టగలిగిన పిల్లకు రెండు, మూడు, నాలుగు ఎంత దూరం? మరోపక్క, గోండిలో 'ఏర్' అంటే నీళ్లు. బిడ్డ దాహమేసి 'ఏర్' అంటే తెలుగు పంతులు వాగు అనుకుంటాడు. దగ్గరి భాషల్లోనూ తెలిసిన మనిషి కావాలి.

1956లో హైదరాబాద్ రాష్ట్రం ముక్కలైంది. కిన్వట్, రాజురా మరాఠీ వైపు పోయాయి. మిగిలిన ఆదిలాబాద్, మన నిజామాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గీతకు అటు ఉన్న గోండు బంధువుల పిల్లలకు మరాఠీ బడి, ఇటు పిల్లలకు తెలుగు బడి. దేవనాగరిలో చదివి పాఠాలు చెప్తున్న గోండు పంతుళ్ల నేర్పు ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయింది. మైదానం నుంచి తెలుగు పంతుళ్లు వచ్చారు. మార్లవాయి పద్ధతి ఓడిపోయి ఆగిందని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. సరిహద్దు మారింది, అంతే. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని చెప్పే 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది కూడా ఆ 1956లోనే!

మళ్లీ ఆ ఆలోచన 2004లో వచ్చింది. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో ఉమ్మడి రాష్ట్రం వాచకాలు వేసింది. పుస్తకాలు అచ్చు వేయడం సులువు. ఆ భాష వచ్చిన పంతులు ఆ ఊళ్లో నిలవడం కష్టం. బదిలీ జాబితాలో ఇంటి భాష అనే గడి ఉండదు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు, తల్లిదండ్రులే కోరుతున్నారు. ఆ రెండు పేజీల ముందు ఒక మెట్టు కావాలంటున్నాం. దానికి సర్కారు ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదు. జూన్‌లో కొన్ని వారాలు పలక పక్కన పెట్టి, బిడ్డల మాటలోనే కథ చెప్పించాలి, లెక్క చెప్పించాలి. ఆ మాటలను తెలుగు లిపిలో బోర్డు మీద రాయాలి. 'యా' అక్షరానికి యాడి బొమ్మ వేస్తే తండా బిడ్డకు ఇట్టే పట్టుబడుతుంది. ఇంటర్, డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవుల్లో మీ ఊరి ముసలివాళ్ల దగ్గర కూర్చుని లెక్కలు, పొడుపుకథలు, చెట్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి మీ బడి పంతులుకు ఇవ్వండి. పంతులు మైదానం నుంచి వచ్చినవారైతే పక్కన కూర్చుని పలికించండి.