హెర్న్‌హూట్ దినవచనములు

హెర్న్‌హూట్ దినవచనములు మొరేవియన్ సోదర సంఘమువారు ఏటేటఁ బ్రకటించు బైబిలు వచనముల సంపుటము. దినమునకొక వాక్యమును ధ్యానించి ఆనాటి కష్టసుఖములకు దాని నన్వయించుకొనుట దీని ప్రయోజనము. మతహింసకు గుఱియై మొరేవియా విడిచివచ్చిన కాందిశీకులు 1722లో జర్మనీలోని సాక్సనీయందు, జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువునకుఁ జెందిన భూమిపై హెర్న్‌హూట్ గ్రామమును నెలకొల్పిరి. 1728 మే 3వ తేదీని ఆయన సాయంకాల కూటమున మఱునాటికై యొక సూక్తి నొసఁగుటతో ఈ యాచార మారంభమయ్యెను. 1731వ సంవత్సరపు వచనములు తొలిసారి అచ్చుపడినవి.

పాతనిబంధన వచనము సుమారు 1,800 వాక్యముల సంగ్రహమునుండి చీటి తీసి నిర్ణయింపఁబడును. దాని కనురూపమగు క్రొత్తనిబంధన వచనము మాత్రము ఆలోచించి యెన్నుకొనఁబడును. ఒక ప్రార్థనయో కీర్తన చరణమో వీనితోఁ జేరును. చీటివలన వచ్చిన వాక్య మగుటచేఁ బాఠకుఁడు తనకు రుచించినదానినే వెదకికొన వీలులేదు. ఈ పద్ధతి బలమంతయు నిందే యున్నది. తెలుగునాట నూతన సంవత్సరారాధనయందు వాగ్దానపు చీటి తీయు అలవాటును ఇది స్ఫురింపఁజేయును గాని, ఆ చీటి యేడాదికంతకు నొక్కటి.

ఆపత్కాలమున ఈ దినవచనముల వినియోగమునకు డీట్రిచ్ బోన్‌హోఫర్ ప్రసిద్ధ నిదర్శనము. 1939 జూనులో న్యూయార్కున సురక్షితముగ నుండియు, నాజీల యేలుబడిలోని స్వదేశమునకు మరలవలెనా యని తర్కించుకొనుచుండిన యీ దైవశాస్త్రవేత్త, తన దినచర్య పుస్తకమున ఈ వచనములను వ్రాసికొనుచు, జూలైలోఁ దిరిగి వెడలెను. 1944 జూలై 20న హిట్లరుపై జరిగిన హత్యాయత్నము విఫలమైన మఱునాఁడు, తాను బందీగా నుండిన టేగెల్ చెఱసాలనుండి వ్రాసిన లేఖయందును వీనిని బ్రస్తావించెను. ఈ సంపుటము నేఁడు 50కిఁ బైగా భాషలలో వెలువడుచున్నది.