గోడకెక్కిన దృష్టిభ్రమ

గీతలు, గళ్లు, వలయాలు ఉన్నచోటే ఉండి కూడా కదులుతున్నట్టూ ఉబుకుతున్నట్టూ కనిపించేలా వేసే బొమ్మలను ఆప్ ఆర్ట్ అంటారు. 1964 అక్టోబరులో అమెరికాలోని టైమ్ పత్రిక ఈ పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. ఐరోపాలో ఆ కళ అప్పటికే పదేళ్లుగా నడుస్తోంది. ఇళ్లలో తగిలించుకోవడానికి ఈ బొమ్మల ప్రతులు యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ మీద తయారవడం తర్వాతి వ్యాపారులు కనిపెట్టిన కిటుకేమీ కాదు. ఆ కళ పెద్దలే దానికి దారి వేశారు.

వారిలో ముందు చెప్పుకోవలసినవారు విక్టర్ వాసరెలీ. 1906లో హంగరీలోని పేచ్‌లో పుట్టి, 1930లో పారిస్ చేరి, చాలాకాలం ప్రకటనల బొమ్మలు వేసి బతికారు. ఒకే బొమ్మ వేల ప్రతులుగా అచ్చవడం ఆ వృత్తిలో రోజూ జరిగేదే. కొలతలతో గీసిన గళ్లకు కుంచె వాటం అక్కర్లేదనీ, కళ ఒక్క ధనికుడి గోడకే పరిమితం కాకూడదనీ ఆయన వాదించారు. రంగు చతురస్రాల్లో వృత్తాల వంటి సాదా ఆకారాలను పొదిగే తన పద్ధతికి 1959లో పేటెంట్ తీసుకున్నారు. ఏ గడిలో ఏ ఆకారం, ఏ రంగు అన్నది రాసిస్తే సహాయకులే బొమ్మ పూర్తిచేయగలరు. అలాంటి చోట మొదటి ప్రతికీ పదో ప్రతికీ తేడా వెతకడం దండగే.

ప్రతులు అమ్మాలన్న తొలి ప్రయత్నం మాత్రం బోల్తాకొట్టింది. గ్రామఫోను మీద తిప్పితే లోతు కనిపించే అట్టబిళ్లలను కళాకారుడు మార్సెల్ దుషాఁ 1935లో 500 సెట్లు అచ్చు వేయించి, పారిస్‌లో కొత్త ఆవిష్కరణల సంతలో దుకాణం తెరిచారు. కొన్నవాళ్లు దాదాపు లేరు. 1955లో డెనీజ్ రెనే గ్యాలరీ చలనకళ మీద పెట్టిన ప్రదర్శనలో దుషాఁ పనితో పాటు వాసరెలీ, సోటో, అగామ్‌ల పనులూ కనిపించాయి. 1959లో డానియెల్ స్పోరీ 'ఎడిషన్ మాట్' పేరుతో ఇలాంటి కళాకారుల రచనలను పరిమిత సంఖ్యలో ప్రతులు చేయించి అమ్మడం మొదలుపెట్టారు. దుషాఁ బిళ్లలూ అందులో మళ్లీ వెలువడ్డాయి.

యాక్రిలిక్ పలక అప్పటికి పాతికేళ్ల సరుకు. 1930లలో జర్మనీలో ఓటో రోమ్ సంస్థ ప్లెక్సిగ్లాస్ అనీ, బ్రిటన్‌లో ఐసీఐ పెర్‌స్పెక్స్ అనీ పేర్లు పెట్టి అమ్మాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు విరివిగా వాడారు. దాని బరువు గాజులో సగమే. పడిన వెలుగులో సుమారు 92 శాతాన్ని అవతలికి వదులుతుంది, రంపానికి సులువుగా లొంగుతుంది. వెనెజువేలా నుంచి 1950లో పారిస్ వచ్చిన హెసూస్ రఫాయెల్ సోటో ఇందులోని అసలు సౌలభ్యాన్ని పట్టుకున్నారు. పారదర్శక పలక మీద ఒక గీతల అమరిక, కాస్త ఎడంగా దాని వెనుక మరొకటి పెట్టారు. చూసేవారు అడుగు పక్కకు వేస్తే రెండూ ఒకదానిమీద ఒకటి జారి అలలు లేస్తాయి. ఒకదానిపై ఒకటి పడ్డ రెండు దోమతెరల్లో కనిపించే చారలూ ఇవే. ఒక్క కాన్వాసు మీద ఇది సాధ్యం కాదు.

ఈ కథలో చిత్రకారిణి బ్రిజెట్ రైలీది ఎదురు పక్షం అనుకుంటారు గానీ, అది సగమే నిజం. 1965లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 'ది రెస్పాన్సివ్ ఐ' ప్రదర్శన పెట్టినప్పుడు ఆమె చిత్రాలకు గొప్ప పేరొచ్చింది. అదే సమయంలో ఆ నమూనాలతో కుట్టిన గౌన్లు నగరంలోని దుకాణాల అద్దాల్లో దర్శనమిచ్చాయి. ఆమె చిత్రం కొన్న దుస్తుల తయారీదారు లారీ ఆల్డ్రిచ్ కూడా దాన్ని గుడ్డ మీద అచ్చు వేయించారు. రైలీ మండిపడ్డారు. అప్పటి అమెరికా చట్టం ఆమెకు అక్కరకు రాలేదు. కానీ అదే ఏడాది ఆమె 'ఫ్రాగ్మెంట్స్' పేరుతో 7 ముద్రణలు వెలువరించారు, అవీ పెర్‌స్పెక్స్ పలకల మీద స్క్రీన్ ప్రింట్ చేసినవే. ప్రతి ఒక్కటీ 75 ప్రతులు. ప్రతి చేయడం మీద ఆమెకు పేచీ లేదు. అడగకుండా, కొలత మార్చి, మడతలు పడే గుడ్డ మీద వేయడం మీదే అభ్యంతరం.

ఆ ముద్రణల్లో నలుపు పలక వెనుకవైపు పడుతుంది. ముందునుంచి చూసేవారికి సిరా మందం, కాగితం పోగు, చేతి తడబాటు ఏవీ కనబడవు, అంచు కత్తితో కోసినట్టుంటుంది. ఆప్ ఆర్ట్‌కు కావలసిందీ అదే. అంచు వెంట్రుకవాసి పలచబడినా కళ్లు తికమకపడటం తగ్గుతుంది.

యాక్రిలిక్ రంగు వేరే సంగతి. అదే కుటుంబానికి చెందిన జిగురును నీటిలో కలిపి చేసిన రంగులు 1950ల మధ్యలో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. తైలవర్ణాల్లా రోజుల తరబడి తడిగా ఉండవు. గంటలోపే ఆరుతాయి కాబట్టి టేపు అంటించి, రంగు పూసి, టేపు పీకి పక్క గీతకు వెళ్లవచ్చు. చేత్తో వేసే నకళ్లకు ఈ పద్ధతే ఇప్పటికీ ఆధారం.

అయినా ఇంటి గోడ మ్యూజియం గోడ కాదు. మనిషెత్తు చిత్రాన్ని రెండడుగులకు కుదిస్తే గీతలు సన్నబడి, కన్ను చారలను విడిగా పట్టలేక బూడిదరంగు మిగులుతుంది. కంటి వద్ద ఒక్కో డిగ్రీకి సుమారు 3 జతల నలుపు తెలుపు చారలు పడితే చాలామందికి అసౌకర్యం కలుగుతుందని బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం 1984లో తేల్చింది. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి ఇది మరీ ఇబ్బంది. పడకగదికి ఎంపిక చేసేవారు దీన్ని తరచూ మరుస్తారు. పైగా నిగనిగలాడే పలకలో కిటికీ ప్రతిబింబం పడితే భ్రమ సగం చెదురుతుంది.

1966లో డెనీజ్ రెనే పారిస్‌లో ఇలాంటి ప్రతుల కోసమే రెండో గ్యాలరీ తెరిచారు. ఆ తర్వాతి దశాబ్దంలో వాసరెలీ ముద్రణలు ఎన్ని వచ్చాయంటే, వాటి అరుదుదనం పోయి ధర పడింది. అందరికీ అందాలన్న కోరిక తీరిందనుకోవచ్చు. అతినీలలోహిత కాంతికి సిరా తక్షణం గట్టిపడే ముద్రణ యంత్రాలు వచ్చాక స్క్రీన్ల పనే తగ్గింది. పలక వెనుక రంగులను తిరగేసి వేసి, వాటిపై తెలుపు పూత కొడితే చాలు.

హక్కుల చిక్కు మాత్రం అలాగే ఉంది. వాసరెలీ 1997లో మరణించారు కనుక ఫ్రాన్సులో 2067 చివరి వరకు, మన దేశపు 60 ఏళ్ల లెక్కన 2057 చివరి వరకు ఆయన రచనలకు రక్షణ ఉంటుంది. చదరంగం గళ్లూ, ఒకే కేంద్రం చుట్టూ గీసిన వలయాలూ ఎవరి సొత్తూ కావు. అందుకే అలంకరణ దుకాణాల్లో దొరికే పలకల్లో చాలావరకు ఏ చిత్రానికీ నకలు కాని, ఆ బాణీలో గీసిన కొత్త అల్లికలే.