పొంగించే పొడి పుట్టుపూర్వోత్తరాలు

పిల్లల పుట్టినరోజుకు కేకు కోయడం మన ఇళ్ళల్లో మామూలైపోయింది. అయితే ఆ కేకు ఇంట్లోనే చేద్దామని పూనుకున్న ఇల్లాళ్ళను (ఈ మధ్య మగవారిని కూడా) అడిగి చూడండి. మొదటిసారే సరిగ్గా వచ్చిందనేవారు బహు తక్కువ. నడుమ గుంట పడినవి, పైన మాడి లోపల పచ్చిగా ఉన్నవి, సబ్బు రుచి వచ్చినవి, ఇలా రకరకాలు విన్నాం. వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం కనుక లక్షణాలు వింటే కారణం వెతకడం మాకు అలవాటు. వెతుకుతూ పోతే చెంచాడు తెల్లపొడి వెనుక రెండువందల యేళ్ళకు పైబడిన చరిత్ర కనబడింది. అందులో కొట్టేసిన అడవులున్నాయి, కల్తీ రొట్టెలున్నాయి, శాసనసభ్యులకు ముట్టిన లంచాలున్నాయి.

ఓవెన్ మన సంప్రదాయంలో లేదని చాలామంది అంటారు. పూర్తిగా నిజం కాదు. మన అమ్మమ్మలు దిబ్బరొట్టె వేసేటప్పుడు మందపాటి గిన్నెలో మినపపిండి పోసి, కింద సన్నని సెగ పెట్టి, పైన మూకుట్లో నిప్పులు వేసేవారు. ఈ దేశంలో తొలినాళ్ళ వలసవారు ఇనపకుండ మూత మీద బొగ్గులు పేర్చి రొట్టె కాల్చుకున్నదీ అదే పద్ధతి. తేడా అంతా పిండి పొంగే విధానంలో ఉంది. మన పిండి రాత్రంతా ఊరి తనంతట తాను పొంగుతుంది. వాళ్ళ గోధుమపిండికి ఈస్టు కావాలి, దానికి వ్యవధి కావాలి, వెచ్చదనం కావాలి. ఆ ఓపిక లేని ఇంటికి దొరికిన అడ్డదారే ఈ పొడి.

మొదట వచ్చింది బూడిద. చెట్లు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి, వడకట్టి, మరగబెడితే మిగిలే క్షారాన్ని పొటాష్ అన్నారు. దాన్ని ఇంకా శుద్ధి చేస్తే పెర్ల్ యాష్. అమెరికా ప్రభుత్వం 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయన ఈ క్షారం తయారీకి కనిపెట్టిన పద్ధతికే. గాజుకు, సబ్బుకు దానితో అంత అవసరం. 1796లో అమీలియా సిమ్మన్స్ అచ్చువేయించిన ‘అమెరికన్ కుకరీ’ అనే పుస్తకంలో పిండి పొంగడానికి పెర్ల్ యాష్ వేయమని ఉంది. మనకిది వింతేమీ కాదు. అప్పడాల పిండిలో క్షారం కలపడం మన పెద్దవాళ్ళకు తెలిసిన పనే.

క్షారానికి పులుపు తగలాలి. అప్పుడే బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిలో బుడగలు లేస్తాయి. అందుకే పుల్లమజ్జిగ కలిపేవారు. మజ్జిగ ఏ రోజు ఎంత పులిసిందో ఎవరు చెప్పగలరు? పులుపు చాలకపోతే మిగిలిపోయిన క్షారం వెన్నలోని కొవ్వుతో కలిసి అక్షరాలా సబ్బు అవుతుంది. మన సభ్యుల ఇంట్లో ఒక కేకుకు సబ్బు రుచి వచ్చిందని చెప్పాం కదా, అక్కడ బేకింగ్ పౌడరుకు బదులు అంతే కొలత వంటసోడా పడింది. సోడా బలం పొడి బలానికి సుమారు మూడు నాలుగింతలు. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనే బావమరదులు ఈ సోడాను న్యూయార్కులో పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. వారిలో చర్చ్ గారు వైద్యుడే.

సోడానూ పులుపునూ ముందే పొడిగా కలిపి ఉంచితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఇంగ్లండులో ఒక మందుల దుకాణదారుకు వచ్చింది. పేరు ఆల్ఫ్రెడ్ బర్డ్, ఊరు బర్మింగ్‌హామ్. ఆయన భార్యకు గుడ్డు పడదు, ఈస్టు పడదు. గుడ్డు లేని కస్టర్డు 1837లో, ఈస్టు లేని రొట్టె కోసం బేకింగ్ పౌడరు 1843లో ఆవిడ కోసమే చేశాడు. మన పెళ్ళిళ్ళలో, ఫ్రూట్ సలాడ్‌లో పోసే పసుపుపచ్చ కస్టర్డు పొడి పుట్టింది ఈ అయ్యగారింట్లోనే. పథ్యం కోసం పుట్టిన పదార్థం విందు భోజనంలోకి ఎక్కింది.

ఇక్కడ వైద్యుల పాత్ర చెప్పకుండా ముందుకు పోలేం. ఆనాడు లండన్ రొట్టెవాళ్ళు నాసిరకం పిండి తెల్లగా కనబడడానికి పటిక కలిపేవారు. ఆర్థర్ హిల్ హస్సాల్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని పెట్టుకుని 1850లలో ఆహారపు కల్తీలన్నిటినీ పరీక్షించి, కల్తీ చేసినవాళ్ళ పేర్లతో సహా లాన్సెట్ పత్రికలో బయటపెట్టాడు. 1857లో అదే పత్రికలో జాన్ స్నో రాశాడు. 1854 కలరాలో బ్రాడ్ స్ట్రీట్ పంపు గుట్టు విప్పిన ఆ స్నోయే. లండన్ పిల్లల కాళ్ళు వంకర్లు పోవడానికి పటిక రొట్టె కారణం కావచ్చునని ఆయన ఊహ. పటిక ఆహారంలోని ఫాస్ఫేటును కట్టిపడేసి ఎముకకు అందనివ్వదని ఆయన వాదన. రికెట్స్‌కు ముఖ్యకారణం ఎండ తగలకపోవడం, విటమిన్ డి లోపం అని తేలడానికి 1920ల దాకా పట్టింది. అయినా స్నోను తీసిపారేయలేం. అల్యూమినియం లవణాలు పేగులో ఫాస్ఫేటును పట్టేస్తాయన్నది నిజమే. తరువాతి కాలంలో మూత్రపిండాలు చెడినవారికి ఫాస్ఫేటు తగ్గించడానికి ఆ గుణాన్నే మందుగా వాడారు, ఆ అల్యూమినియమే మెదడుకు కీడు చేస్తుందని తెలిసి తగ్గించేశారు.

విచిత్రమేమంటే, స్నో ఫాస్ఫేటు పోతోందని బాధపడిన రోజుల్లోనే, అట్లాంటిక్‌కు ఇవతల ఇంకొకాయన దాన్ని రొట్టెలో కలుపుతున్నాడు. హార్వర్డులో ఆచార్యుడు, జర్మనీలో లీబిగ్ శిష్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్. ధాన్యం మరపట్టి తెల్లపిండి చేసినప్పుడు పోయే ఫాస్ఫేటును తిరిగి ఇవ్వాలని ఆయన పట్టుదల. ఎముకల నుంచి పుల్లని ఫాస్ఫేటు తీసి 1856లో పేటెంటు పొందాడు. శాకాహారులు కంగారు పడనక్కరలేదు, తరువాత ఖనిజపు రాతి నుంచే తీయసాగారు. పొడి నిలవలో చెమ్మగిల్లి బలం పోకుండా మొక్కజొన్న గంజిపిండి కలపడం కూడా వారి కార్ఖానా పనే.

అప్పటికి చలామణీలో ఉన్న మరో పులుపు క్రీమ్ ఆఫ్ టార్టార్. ద్రాక్షసారా పీపాలకు లోపల పట్టే గట్టి మడ్డి నుంచి తీస్తారు, యూరప్ నుంచి రావాలి, ఖరీదు. తరువాత చవకగా పటిక జాతి పొడులు వచ్చాయి. ఇంకేం, యుద్ధం. పటిక విషమని ఒకరు, కాదని ఒకరు పత్రికలనిండా ప్రకటనలు గుప్పించారు. మిస్సోరీ రాష్ట్రం 1899లో పటిక కలిసిన బేకింగ్ పౌడరును నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రజారోగ్యం కోసమే అనుకున్నారు జనం. టార్టార్ పొడి కంపెనీ తరఫున శాసనసభ్యులకు సొమ్ము ముట్టిందని తరువాత బయటపడింది. 1903లో లెఫ్టినెంట్ గవర్నరు జాన్ లీ రాజీనామా ఇచ్చాడు, 1905లో చట్టం రద్దయింది. ఆరోగ్యం పేరు చెప్పి బెదరగొట్టే ప్రకటన చూసినప్పుడల్లా మాకీ మిస్సోరీ కథే గుర్తొస్తుంది.

ఇక కొలతలు, వేడిమి. పాత వంటపుస్తకాల్లో ‘గుడ్డంత వెన్న’, ‘టీకప్పుడు పిండి’ అని ఉండేవి. మన ‘కాస్త’, ‘తగినంత’ లాంటివే. చెంచా గీటి సమానం చేసి కొలవాలని పట్టుబట్టినది బోస్టన్‌లో ఫానీ ఫార్మర్. 1896లో ఆవిడ పుస్తకం అచ్చుకు పోతే ప్రచురణకర్తలు నమ్మక మూడువేల ప్రతులు, అవీ ఆవిడ ఖర్చుతోనే వేశారు. చిన్నతనంలో పక్షవాతం వచ్చి కాలు ఈడ్చుతూ నడిచిన మనిషి. రోగులకు, కోలుకునేవారికి ఏం పెట్టాలో 1904లో ప్రత్యేకంగా పుస్తకం రాసింది, హార్వర్డు వైద్యకళాశాలలో దాని మీద ఉపన్యసించింది. అలాంటి పాఠం మా వైద్యవిద్యలో ఒక్క గంట కూడా లేదు! ఓవెన్ వేడిమికి మాత్రం కొలత ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు చెయ్యి లోపలపెట్టి ఎంతసేపు ఓర్చుకోగలరో లెక్కపెట్టేవారు. ఇంగ్లండులో 1923లో రెగ్యులో అనే మరతో గ్యాసు ఓవెన్‌కు అంకెలు వచ్చాయి. ఇప్పటికీ ప్రమాదం తప్పలేదు. ఇండియా నుంచి వచ్చిన పుస్తకంలో 180 అని ఉంటే అది సెల్సియస్. ఈ దేశపు ఓవెన్‌లో 180 తిప్పితే పిండి గంటసేపు వెచ్చగా కూర్చుంటుందే తప్ప కేకు కాదు. 350 తిప్పాలి.

ఈ ఓవెన్‌ను మనవాళ్ళు వాడిన తీరు వేరు. చలికాలంలో ఇడ్లీపిండి పొంగక, దీపం వెలిగించిన ఓవెన్‌లో రాత్రంతా ఉంచడం మనం కనిపెట్టుకున్న ఉపాయం. పొద్దున్నే ఇంకెవరో చూడకుండా ఓవెన్ తిప్పేసి, ప్లాస్టిక్ గిన్నెతో సహా కరిగిపోయిన ఇళ్ళు మేమెరిగినవే రెండున్నాయి. తలుపు మీద చీటీ అంటించడం మంచిది. ఇడ్లీపిండిని న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా ఊళ్ళో కార్నెల్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 1965లో ప్రకటించారు. పొంగుకు ముఖ్యకారణం ఈస్టు కాదనీ, లూకోనోస్టాక్ అనే బాక్టీరియా అనీ తేలింది. పులుపూ వాయువూ రెండూ అదే ఇస్తుంది. హార్స్‌ఫర్డ్ డబ్బాలో కలిపినదాన్ని మన రుబ్బురోలు ఎప్పుడో కలిపి పెట్టిందన్నమాట. అలాగే 1931లో వచ్చిన బిస్క్విక్ పిండితో, పాలపొడితో గులాబ్‌జామ్ చేయడం మన ఆడవాళ్ళ ఘనత. అందులో బేకింగ్ పౌడరు ముందే ఉంటుంది. అది తెలియక పైన ఇంకో చెంచా వేస్తే నూనెలో జామ్ పగులుతుంది. నూనె చిందితే చేతులు కాలుతాయి. కాలినచోట చల్లని కుళాయినీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. వెన్న, పసుపు, టూత్‌పేస్టు వద్దు.

ఇంకొక్క మాట. పెద్దపండుగ విందు తిని ‘గ్యాస్’ అని చెంచాడు వంటసోడా నీళ్ళలో కలిపి మింగే పెద్దలు మన ఇళ్ళల్లో ఉన్నారు. నిండుకడుపులో ఆమ్లంతో కలిస్తే అక్కడా పుట్టేది కేకులో పుట్టిన వాయువే. ఆరోగ్యవంతుడైన ఒక మగమనిషికి అలా తాగినందువల్ల జీర్ణకోశం పగిలిందని 1984లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. అరుదే, కాని జరిగింది. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికైతే అందులో ఉన్న సోడియమే చేటు. అత్తగారికీ మామగారికీ ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి, డబ్బా మాత్రం పై అలమరలో పెట్టండి.

బేకింగ్ పౌడరు డబ్బా తెరిచి ఆరునెలలు దాటితే చెంచాడు పొడి వేడినీళ్ళలో వేసి చూడండి. బుసబుసమని పొంగితే వాడుకోవచ్చు, లేకపోతే పారేయాల్సిందే.