తెర మీది భీం, జోడేఘాట్ భీం: మన సినిమా చర్చలో తప్పిపోయిన అక్షరం



మన హాస్టళ్లలో సినిమా చర్చ మొదలైతే అన్నం బెల్లు కొట్టేదాకా ఆగదు. రాజమౌళి గొప్పా, సుకుమార్ గొప్పా? ఎన్టీఆర్ బాగా చేశాడా, చరణ్ బాగా చేశాడా? మాకూ అభిమానాలున్నాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ మన తాతల కథ మీద తీసిన సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఇంకో ప్రశ్న కూడా అడగాలి. తెర మీద ఎవరు ఎవరికి నేర్పుతున్నారు? ఈ పోస్టు దాని గురించే. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు 1974కి పోదాం. ఆ ఏడాది మే 1న ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. అది కృష్ణ 100వ సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. తీస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోతే మిగతాది కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. మన్యం వైపు పెద్దవాళ్లు ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్తారు. మాకూ ఇష్టమే.

అయితే ఆ పోరాటం ఒక్క మనిషితో పుట్టింది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు అడ్డం పడ్డారు. అడవిలోకి పోతే జరిమానా. గూడెం ప్రాంతంలో తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి మనవాళ్లతో సరైన కూలి లేకుండా చాకిరీ చేయించాడు. గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు ఆ అన్యాయాన్ని ఒంటి మీద చూసినవాళ్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది రాజుగారు ఒక్కరే కాదు, వీళ్లందరూ కలిసి. రాజుగారు మనకోసం ప్రాణం ఇచ్చారు, అందులో రెండో మాట లేదు. 1924 మే 7న ఆయన్ని కొయ్యూరు దగ్గర కాల్చేశారు. సినిమా అక్కడితో అయిపోతుంది. చరిత్ర అక్కడితో అయిపోలేదు. పట్టుబడి శిక్ష అనుభవించిన మల్లు దొర స్వతంత్రం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లాడు. తుపాకీ పట్టిన ఆదివాసీ పార్లమెంటులో కూర్చున్నాడు! ఇంతకన్నా మంచి క్లైమాక్స్ ఏ రచయిత రాయగలడు? అది మాత్రం తెరకెక్కలేదు.

మూడేళ్ల తర్వాత, 1977లో, కె. రాఘవేంద్రరావు ‘అడవి రాముడు’. ఎన్టీఆర్ అడవిలోకి వచ్చి గూడెం జనాన్ని కాపాడతాడు. చివరికి తేలేదేంటంటే ఆయన ఫారెస్ట్ ఆఫీసర్. మన ఊళ్లలో ఫారెస్టోళ్లు వస్తున్నారంటే ముసలోళ్లు గొడ్డలి ఎందుకు దాచేవాళ్లో మనకు తెలుసు. తెర మీద మాత్రం ఆ శాఖ మనిషే దేవుడు. పాటలు బాగుంటాయి, ఈలలు వేస్తాం. కానీ ఆ కథ అడవి బయట కూర్చుని రాసిందని గుర్తుంటే చాలు.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు వద్దాం. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీం’ తీశారు. భీం పాత్ర భూపాల్ రెడ్డి వేశారు. 1990లోనే తయారైన సినిమా, నంది అవార్డులు కూడా వచ్చాయి. థియేటర్లోకి వచ్చింది మాత్రం 2010లో! ఇరవై ఏళ్లు. మాలో చాలామంది వయసంత కాలం మన భీం డబ్బాలో ఉన్నాడు. ఫ్యాన్స్ అంటే మొదటి రోజు మొదటి ఆట అంటాం కదా, ఆ సినిమాను మనలో ఎంతమంది చూశాం?

ఆ తర్వాత 2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’. ఇది కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పారు. ఇద్దరు వీరులు ఇల్లు వదిలి ఉన్న ఏళ్లలో కలుసుకుని ఉంటే ఎలా ఉండేది అని ఊహించారు. కల్పన తప్పు కాదు. ఆ సినిమా వల్ల భీం పేరు దేశదేశాలకు పోయింది, 2023లో పాటకు ఆస్కార్ వచ్చింది. కొరడా దెబ్బలు తింటూ భీం మోకరిల్లని ఆ పాట సీన్‌లో హాస్టల్ అంతా గప్‌చిప్. అది సుద్దాల అశోక్ తేజ రాసిన పాట. దాని గొప్ప మేం కాదనం.

2020 అక్టోబరులో టీజర్ వచ్చినప్పుడు భీం తలమీద టోపీ ఏంటని పెద్ద గొడవైంది. మాకైతే టోపీ కన్నా ఆఖరి సీన్ ఎక్కువ గుచ్చుకుంది. అంతా అయ్యాక రాముడు నీకేం కావాలి అని అడిగితే భీం చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. అంటే అక్షరం బయటి నుంచి వచ్చింది. ఆ నినాదం కూడా బయటి చేత్తో రాసిందే అయింది.

మరి మన దగ్గర చెప్పుకునే చరిత్ర ఏంటి? భీం 1901లో సంకెపల్లిలో పుట్టాడంటారు. పంట విషయంలో సిద్దిక్ అనే అతనితో గొడవ, అతను చనిపోవడం, భీం ఊరు విడిచి పారిపోవడం మనందరికీ తెలుసు. ఆ అజ్ఞాతంలో ఏం చేశాడు? బల్లార్షా, చాందా వైపు విఠోబా అనే ఆయన దగ్గర, అచ్చు పని జరిగే చోట ఉండి, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాడంటారు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు, అక్కడ కూలీల పోరాటం చూశాడు. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవలలో ఈ కథ వివరంగా ఉంటుంది. అంటే భీం జోడేఘాట్‌కి తిరిగొచ్చింది చదువు కోసం చెయ్యి చాపి కాదు, చదువు చేతిలో పెట్టుకుని. జోడేఘాట్ చుట్టూ 12 ఊళ్ల మీద మనకే హక్కు కావాలని నిజాం సర్కారును అడిగాడు. ముందు మాటతో అడిగాడు. వినకపోతేనే తుపాకీ. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో కాల్చి చంపారు.

ఆ తర్వాతిది ఇంకా ముఖ్యం. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పెట్టింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. ఆ బడులు ఎవరో జాలిపడి ఇచ్చినవా? జోడేఘాట్‌లో నెత్తురు పారింది కాబట్టి వచ్చాయి. మన ఇళ్లలో మొదట కాలేజీ గడప తొక్కింది మనమే. మన చేతిలో ఉన్న హాల్ టికెట్ వెనక ఆ పౌర్ణమి ఉంది. అందుకే ఆ ఒక్క సీన్ మాకు చిన్న విషయం కాదు.

సినిమాలు చూడొద్దని మేం అనడం లేదు. చూద్దాం, ఈలలు వేద్దాం, డైరెక్టర్ల మీద కొట్లాడుకుందాం. కానీ భీం ఇరవై ఏళ్ల వయసులో ఏం చేశాడని ఎవరైనా అడిగితే సినిమా కథ చెప్పి ఊరుకోవద్దు. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతనో అవ్వనో కూర్చోబెట్టి వాళ్లు విన్న భీం కథ, మల్లు దొర కథ, మీ ఊరి పోరాటం కథ ఫోన్‌లో రికార్డు చేయండి. గోండీలో చెప్తే గోండీలోనే, కోయలో చెప్తే కోయలోనే ఉంచండి. తేదీలు తెలియకపోయినా పర్వాలేదు, ఏ పండగ ముందు, ఏ వానల తర్వాత అని అడిగి రాసుకోండి. ఇక్కడ పెట్టండి, అందరం చదువుదాం. రేపు మనలో ఒకరు ఈ సినిమా తీయాలంటే కథ మన దగ్గర ఉండాలి కదా.

జై భీం, జై జోహార్.