గచ్చు

'గచ్చు కడిగావా?' అంటే ఇవాళ మనకు నేలే గుర్తొస్తుంది. మాటకు మూలం పారసీలోని 'గచ్'. అంటే జిప్సం, దానితో చేసే పూత. మన దగ్గర ఆ పనికి సున్నమూ ఇసుకా వాడారు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించే లతలూ పూలూ గచ్చుపనే. 'సున్నం' అనే మాట మాత్రం సంస్కృత 'చూర్ణం' నుంచి ప్రాకృతం మీదుగా మనకు చేరింది.

పాత మిద్దెల్లో దూలాల మధ్య కప్పుకు అడుగున ఉండే పూత కూడా గచ్చే. అది పెచ్చులూడితే ముందు పైనుంచి నీరు దిగే చోటు మూయాలి. తర్వాత మేస్త్రీ వేలి కణుపుతో కప్పంతా తట్టి చూస్తాడు. డొల్లగా మోగిన చోట పూత పట్టు వదిలిందన్నమాట. అంతమేరే రాల్చి, దుమ్ము దులిపి, బాగా తడిపి, గానుగ సున్నాన్ని పలచని పొరలుగా ఎక్కించాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా రాయవుతుంది. తొందరపెడితే బీటలిస్తుంది.

పాత గచ్చు మీద సిమెంటు పూయడం నాకు బాధ కలిగిస్తుంది. అది తేమను లోపలే బంధిస్తుంది, పక్కనున్న మెత్తని పూతను కూడా పాడు చేస్తుంది. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో, అంతకుముందు పూసిన సిమెంటును గీకి తీసేసి మళ్లీ సున్నమే పూశారు.